గోదావరి యొడ్డున పూలసెలవులు

సంవత్సరమున ఆఱు ఋతువులున్నను, తెలంగాణపు ఆడువారు తమదియని చెప్పుకొనదగినది శరదృతు వొక్కటియే. భాద్రపద మాసపు అమావాస్య మొదలు ఆశ్వయుజ శుద్ధ దశమి వఱకు గల దినములలో పాఠశాలలకు సెలవులు. అత్తవారిండ్లనుండి ఆడుబిడ్డలు పుట్టినిండ్లకు వత్తురు. ఏడాది పొడవునను వంటయింటికిని వాకిటికిని నడుమ తిరుగు పాదములు ఈ పది దినములును చేల గట్లమీదను, చెఱువు కట్టలమీదను, ఏటి యిసుకలోను తిరుగును. ఆ నడకను గూర్చియే సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పదలచితిని.

సముద్రతీరపు పట్టణముల వారు సెలవులలో కెరటములు చూడబోవుదురు, గవ్వలేరుకొందురు. పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల వారికి సముద్రము లేదు గాని తీరము లేకపోలేదు. గోదావరియే మా తీరము. నాసికకు చేరువనున్న త్ర్యంబకమున పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించు ఈ నది కందకుర్తి యొద్ద తెలంగాణమున ప్రవేశించి, బాసర దాటి వచ్చి, ఆ రెండు జిల్లాలకును చాలదూరము ఎల్లగా నడచును. దక్షిణపు టొడ్డున ధర్మపురి కలదు. 2016 అక్టోబరు 11వ తేదీన జగిత్యాల జిల్లా యేర్పడువఱకు ఇది కరీంనగరు జిల్లాలోని యూరు. ఆవలి యొడ్డు పూర్వము ఆదిలాబాదు, ఇప్పుడు మంచిర్యాల జిల్లా. లక్ష్మీనరసింహస్వామి కోవెలకును, నరసింహ శతకకర్త యగు శేషప్పకవికిని పేరుగన్న యీ యూరిని మనసున నుంచుకొని వ్రాయుచున్నాను గాని, మంథనికైనను, చెన్నూరునకైనను, బాసరకైనను ఈ మాటలు కొంచెము మార్పుతో చెల్లును.

ఉదయపు నడక: పూలబాట

బతుకమ్మ తొమ్మిది దినముల పండుగ. అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మ. తరువాత అటుకుల, ముద్దపప్పు, నానబియ్యము, అట్ల బతుకమ్మలు. ఆఱవనాడు అలిగిన బతుకమ్మయని పూలు పేర్వరు. పిమ్మట వేపకాయలు, వెన్నముద్దలు. అష్టమినాడు సద్దుల బతుకమ్మ. వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడవనాడే జరుగును. 2014లో తెలంగాణ మేర్పడినప్పుడు ఇది రాష్ట్రపు పండుగ యైనది. పేర్లు పాఠకురాండ్రకు తెలిసినవే. పూలు ఎచటనుండి వచ్చుచున్నవో మన పిల్లలలో ఎందఱికి తెలియును?

తక్కిన పండుగలలో దేవతకు పూలతో పూజ చేయుదురు. ఇందు పూలే దేవత. అవియైనను తోటపూలు గావు. ఎవరును నాటక, ఎవరును నీరు పోయక, బీళ్ళలోను చేలలోను తమంత తాము పుట్టిన గునుగు, తంగేడు ఈ దేవతకు ముఖ్యములు. బంతి, చామంతి, గుమ్మడి, బీర, పట్టుకుచ్చు, కట్లపువ్వు వానికి తోడు మాత్రమే. అందుచేత ఈ పూజకు మొదటి మెట్టు నడక. తెల్లవారుజామున వెదురుబుట్టయు చిన్న కొడవలియు తీసికొని, కాళ్ళకు గట్టి చెప్పులు తొడుగుకొని బయలుదేఱవలెను. వానల చివర పాములు గట్లమీద నుండును గనుక చేతిలో కఱ్ఱ యుండుట మేలు. గడ్డిని కఱ్ఱతో కదపి పిదప చేయి పెట్టవలెను.

గునుగు మెట్టచేలలో దొరకును. జొన్న, కంది చాళ్ళ నడుమ మోకాలెత్తున నిలిచి, కొనలయందు తెల్లని కంకులు పట్టి, పై మొనయందు గులాబిచాయ చూపుచుండును. రైతునకు ఇది కలుపు. లేతప్పుడు దీని యాకు కూరకు పనికివచ్చును. కంకిని చేతిలో నలిపి చూచినచో ఆవగింజలకన్న చిన్నవైన నల్లని గింజలు మెఱయుచు రాలును. ఆ గింజలే మఱుసటి యేటి పండుగ.

తంగేటికి గుట్టల వాలులును, రాళ్ళనేలయు ఇష్టము. పశువులు దీనిని మేయవు గనుక అన్నియు మేసివిడిచిన బీటిలోను ఇది బంగారు గుత్తులతో నిలిచియుండును. దీని బెరడు తోళ్ళు పదును పెట్టుటకు తరతరములుగా వాడుకలో నున్నది. ఒక పువ్వును కోసి పిల్లలకు చూపుడు. ఐదు రేకులు, పది కేసరములు. అందు పైనున్న మూడును గొడ్డువి. ఈ పువ్వులో తేనె లేదు. పుప్పొడి కొఱకే పెద్ద నల్లని తుమ్మెదలు వచ్చి, కేసరములను పట్టుకొని ఱెక్కల యదురుతో జుమ్మని మ్రోయించి పొడిని రాల్చుకొనును. కావ్యములలో తుమ్మెదల మ్రోతను చదివిన సోదరీమణులు ఒక ఉదయము తంగేటి పొదకడ నిలిచి వినవలెను. ఆకుల క్రిందివైపు చూచినచో పచ్చని పురుగులు గానవచ్చును. అవి కొన్ని దినములకు తెలుపు పసుపు కలిసిన సీతాకోకచిలుకలై యెగురును.

కోయుటయందును ఒక పద్ధతి కలదు. గునుగు కోసిన పిదప చాల దినములు చెడదు. తంగేడు ఒక పూటలోనే వాడును. కావున గునుగును ముందుగా కూర్చుకొని నీడన నుంచి, తంగేటిని చివర కోసి తడిగుడ్డలో చుట్టి తేవలెను. ఎంత కోయవలెనన్నదే ముఖ్యమైన మాట. ఒక కందిచేనిలో వెండ్రుకలు నెరసిన ఆసామియొకతె, పూలకై వచ్చిన పట్టణపు పడుచులతో చెప్పిన మాట వినదగినది.

“బిడ్డా, కొసలు తెంపుకోండ్రి గని యేళ్ళతోని పీకకుండ్రి. నాలుగు కంకులు చేనుకు ఇడిసిపెట్టుండ్రి.”

“కలుపే గదనే అవ్వా! పీకితె నీకే మంచిది గదా?”

“కలుపే బిడ్డా. చేనుకు కలుపు, గౌరమ్మకు కొలుపు. అన్నీ తెంపుకపోతె మల్ల యేడు గౌరమ్మను దేంతోని పేరుస్తరు?”

చేనుగల మనిషియే కలుపును కాపాడుమని చెప్పుట ఎక్కడనైన కలదా? ఆ యొక్క మాటలో ఒక శాస్త్రమంత అర్థమున్నది.

సాయంకాలపు నడక: ఇసుకతిన్నె

సాయంకాలము ఎండ తగ్గిన పిదప ఏటి యొడ్డునకు పోవలెను. ఇప్పుడు రెల్లు పూచియుండును. సంస్కృత కవులు కాశమని పొగడిన దిదియే. వాల్మీకి కిష్కింధకాండలో వానకారును వర్ణించి, ఆ వెంటనే శరత్తును వర్ణించెను. కాళిదాసు ఋతుసంహారమున శరత్తునకు రెల్లుపూవులే చీరగా కట్టినాడు. మన తెలుగులో ఆదికవి నన్నయ భారతము అరణ్యపర్వమున నిలిచిపోయినది శరద్రాత్రి వర్ణనముతోడనే. మన తెలంగాణపువాడైన బమ్మెర పోతన దశమస్కంధమున ఈ ఋతువును తనివితీర వర్ణించెను. ఇంటిలో పుస్తకము చదివి రెల్లన నేమో ఎఱుగకుండుట, చుట్టపు పేరు తెలిసి ముఖ మెఱుగకుండుటవంటిది.

అగస్త్యుడుదయించినచో నీరు తేఱునని పూర్వుల మాట. ఈ దినములలో తెల్లవారుజామున దక్షిణపు దిక్కున, నేలకు కొంచెము పైగా మిక్కిలి కాంతితో వెలుగు చుక్కయే అగస్త్యుడు. చుక్క నీటిని తేర్చదు. వానలు తగ్గి, పొలములనుండి మన్ను కొట్టుకొనివచ్చుట ఆగి, ఒండ్రు అడుగున దిగుటచే నీరు తేఱుచున్నది. ఆ రెండును ఒకే కాలమున జరుగుటను పూర్వులు కనిపెట్టి, పంచాంగము లేనివారికిని జ్ఞాపకముండునట్లు కథగా చెప్పిరి. పిల్లలకు కథయు చెప్పవలెను, కారణమును చెప్పవలెను.

నీటి యంచున తోక నిలుకడ లేక ఆడించుచు పరుగులిడు సన్నని పిట్ట కాటుకపిట్ట. కవుల ఖంజరీటమిదియే, కన్నులకు ఉపమానముగా వేయిసారులు విన్నదే. చలికాలమును గడుపుటకై ఇవి శరత్తున ఉత్తరపు చలిదేశములనుండి మన యేళ్ళకు, చెఱువులకు వచ్చును. నీటిమీద గాలిలో ఒకేచోట ఱెక్కలాడించుచు నిలిచి, తటాలున రాయివలె పడి చేపతో లేచునది నలుపు తెలుపుల లకుముకిపిట్ట. ముండ్లతుమ్మ కొమ్మలకు నీటిపైగా వ్రేలాడు గిజిగాని గూళ్ళు ఇప్పుడు చాలవఱకు ఖాళీగా నుండును. క్రింద పడినదానిని తెచ్చి, సూది దారము లేకయే అల్లిన ఆ యల్లికను కుట్టుపని నేర్చుకొను బాలికలకు చూపవచ్చును.

ఇచట ఒక హెచ్చరిక చెప్పక తీరదు. నేటి గోదావరి పూర్వపు గోదావరి కాదు. ఎగువ పోచంపాడు కడ శ్రీరాంసాగరు ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగెను. దిగువ ఎల్లంపల్లి ఆనకట్ట కలదు. మన యూర ఎండ కాయుచుండగనే ఎగువ వాన కురిసి తలుపు లెత్తినచో నీరు పెరుగును. నిన్న మోకాలిలోతున్నచోట నేడు నిలువులోతుండవచ్చును. ఎగువ నీరు విడిచెదరని దండోరా గాని వార్త గాని వినబడిన దినమున ఇసుకలోనికి దిగరాదు. తక్కిన దినములలో పిల్లలను చేయి విడువరాదు.

చెఱువు కట్ట

బతుకమ్మను పేర్చుట యందఱును ఎఱిగినదే గనుక విస్తరింపను. తాంబాళమున ఆముదపు ఆకులో గుమ్మడాకులో పఱచి, వరుసమీద వరుసగా పూలు పేర్చి, కొనకు పసుపు గౌరమ్మను నిలిపి, పొద్దువాలిన వేళ కట్టకు తీసికొనిపోవుదురు. సత్తుపిండి, మలీద, సద్దులు మూటగట్టుకొని, పాడి, యాడి, నీట విడిచి, ఫలహారము పంచుకొని వత్తురు. సంవత్సరమునకొక్కసారి ఊరి ఆడువారందఱును ఊరి నీటిని కన్నులార చూచు దినమిది. కట్టకు గండి పడినదా, తూము పాడైనదా, నాచు పెరిగినదా, ఇంటింటి మురుగు చెఱువులోనికే పాఱుచున్నదా యనునది ఆనాడు మనకు తెలియకపోదు. చూచి, పాడి, మఱచిపోక, మఱునాడు పంచాయతీలోనో పురపాలక కార్యాలయములోనో చెప్పవలెను. నీటిని దేవతగా కొలిచిన చేతులతో ఒక విన్నపపత్రము వ్రాయుట కష్టము గాదు.

నీట విడుచు బతుకమ్మయందు పూలు, ఆకులు మాత్రమే యుండవలెను. గునుగునకు రసాయనపు రంగులద్దుట, అడుగున ప్లాస్టిక్కు పెట్టుట, తళుకు కాగితములు చుట్టుట యీ నడుమ పెరిగినది. ఆకు నీట కుళ్ళి నీటిలో కలియును, ప్లాస్టిక్కు కలియదు. గునుగునకు పుట్టుకతో వచ్చిన తెలుపును గులాబిచాయయు చాలును; రంగు కావలెనన్న నడుమ బంతిని, కట్లపువ్వును పేర్చుకొనవచ్చును. మఱియొక జాగ్రత్త: 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో పెక్కు చెఱువుల పూడిక తీసిరి. మంచిపనియే; కాని పూడిక తీసినచోట లోతు మాఱినది. పాత గుఱుతులను నమ్మి బతుకమ్మను విడుచుటకు దూరముగా దిగరాదు. తామరల కొఱకు బాలురను లోనికి పంపుట అసలే కూడదు. పూలకై ప్రాణము పోగొట్టుకొనుమని ఏ గౌరమ్మయు కోరదు.

విజయదశమి: జమ్మి, పాలపిట్ట

దశమినాటి సాయంకాలము మగవారు ఆడువారు పిల్లలు ఊరి పొలిమేర దాటి పోవుదురు. జమ్మిని పూజించి, ఆకును బంగారమని పెద్దల చేతులలో పెట్టి నమస్కరింతురు. పాలపిట్ట కంటబడినచో శుభమని సంతసింతురు. 2014లో తెలంగాణ రాష్ట్రపు గుఱుతులను నిర్ణయించినప్పుడు తంగేడు పువ్వును, జమ్మి చెట్టును, పాలపిట్టను ఎన్నుకొనిరి. ఈ మూడును ఈ పది దినముల నడకలలోనే కంటబడునని గమనింపుడు.

కూర్చున్నప్పుడు పాలపిట్ట మట్టిరంగుగా, సామాన్యముగా నుండును. ఎగిరినప్పుడే ఱెక్కలలోని నీలి విచ్చుకొనును. కోతకు వచ్చు చేల దరిని తీగలమీద కూర్చుండి మిడుతలను, పురుగులను పట్టి తినును గనుక రైతునకు చుట్టము. అట్టి పిట్టను ఉరులొడ్డి పట్టి, ఱెక్కలు కట్టి, పంజరమున నుంచి దసరానాడు వీధి వీధికి త్రిప్పి, చూపించినందులకు డబ్బు తీసికొనువారు కొన్ని పట్టణములలో కలరు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ఇది నేరము. పంజరములోని పిట్టను చూచినచో దర్శనమెట్లగును? శుభము కోరి చూచువారే దాని చెఱకు కారణమగుచున్నారు. డబ్బిచ్చువారు లేనినాడు పట్టువారును ఉండరు. ఇంటిలోని పెద్దలు పంజరము వాకిటికి వచ్చినప్పుడు ఇట్లని మర్యాదగా త్రిప్పిపంపవలెను.

ఏమి పోవుచున్నది

ఇప్పుడు అసలు మాటకు వత్తును. ఈ నడక మన కన్నులయెదుటనే సన్నగిల్లుచున్నది. జొన్న, కంది వేయుచోట ప్రత్తి వచ్చినది. కూలివారు కలుపు తీయుచోట కలుపుమందు వచ్చినది. కొడవలి గునుగును కోసినచో గింజ కొంత నేలనుండును; మందు పూతకు రాకముందే మాడ్చును. ఊరి చుట్టునున్న బీళ్ళు ఇంటిస్థలములగుచున్నవి. కరీంనగరు గ్రానైటునకు పేరుగన్నది. గుట్ట తొలిచినచో తంగేడును గుట్టతోడనే పోవును. నేరము రైతుదని నేననను; కూలి దొరకక, పంట నిలుపుకొనలేక మందు కొట్టువానిని నిందింప నాకు నోరు రాదు. అయినను గట్టు మీదను, చేని మూలను నాలుగు మొక్కలను విడిచిపెట్టుట అతనికి నష్టము గాదు, అడుగువారుండవలెను.

“అంగట్ల పూలు అమ్ముతుండగ, ఈ ఎండల చేన్లపొంటి తిరుగుడెందుకు బిడ్డా?” యని పెద్దలందురు. పూలమ్ము అంగడిని నేను తప్పు పట్టను. పల్లెనుండి గునుగు మోపు తెచ్చి పట్టణమున అమ్ముకొను బీదరాలికి అదియే పండుగ ఖర్చు. నడువలేనివారు, తీరికలేనివారు ఆమెవద్ద బేరమాడక కొనవలెను. నేను చెప్పునది వేఱు. కొన్న పువ్వు పువ్వును మాత్రమే ఇచ్చును. నడచి తెచ్చిన పువ్వు, ఆ చేను ఎచట నున్నదో, ఎవరిదో, నిరుటికన్న ఈ యేడు పూత తక్కువయో ఎక్కువయో చెప్పును. తల్లి వెంట చేనికి పోయిన బాలిక పెద్దదై చేనును గూర్చి ఆలోచించును. పోనిదానికి చేను పోయినను తెలియదు.

ఇంకొక మాట. మన పెండ్లి కాని పిల్లలు ఊరు దాటి గుంపుగా నడచి, నవ్వి, పాడి రాగల దినములు ఏడాదికి ఎన్ని? బొడ్డెమ్మ తొమ్మిది దినములు, బతుకమ్మ తొమ్మిది దినములు. పూలు ఇంటికే వచ్చినచో ఆ గుమ్మము కూడ మూతపడును. పండుగ పేరిట పెద్దలు సంతోషముగా ఇచ్చిన ఈ స్వేచ్ఛను అంగడిపూలకు మార్చుకొనుట లాభసాటి బేరము గాదు. మగపిల్లలనుకూడ వెంట తీసికొనిపోవుడు. చెల్లెలి బుట్టను మోసినవానికి చెల్లెలి పండుగ విలువ తెలియును.

పెద్ద ప్రయాణములు చేయగలవారు కడెం ఏటిపైనున్న కుంటాల జలపాతమును చూడబోవుదురు. సుమారు 150 అడుగుల ఎత్తునుండి పడు ఆ నీరు వానల వెనుక చూడదగినదే. రాళ్ళు జాఱును గనుక దూరమునుండి చూచిరావలెను. కాని బండి కట్టించుకొని నూఱు మైళ్ళు పోయి ప్రకృతిని చూచి, ఇంటి వెనుక గట్టుమీద పూచినదానిని చూడకుండుట వింతగదా!

తుదకు ఒక చిన్న పని సూచింతును. ఇంటికొక నోటుపుస్తకము పెట్టుడు. మొదటి గునుగు కంకి కనబడిన తిథి, రెల్లు తెల్లబడిన దినము, తొలి కాటుకపిట్ట వచ్చిన దినము, చెఱువు నీరు ఏ మెట్టువఱకు నున్నది, తంగేడు ఎచట దొరకినది, ఎచట దొరకుట మానినది — సెలవులలో పిల్లలచేత వ్రాయింపుడు. బడి తెఱచిన పిదప ఉపాధ్యాయునకు చూపవచ్చును. మఱుసటి యేడు దానితో పోల్చుకొనవచ్చును. పది యేండ్లకు అది మీ యూరి చరిత్ర యగును. దానితోపాటు, గింజ ముదిరిన గునుగు కంకులను నాలుగు దాచి, తొలకరిలో పెరటి మూలనో, బడి ఆవరణమునందో, చెఱువు కట్ట వాలునందో చల్లుడు. అడుగకయే మొలచును, అదియే దాని గుణము.

సోదరీమణులారా! నగలు కూతుండ్రకిత్తుము, చీరలు కోడండ్రకిత్తుము. పూచెడు బీడును, తేఱిన నీటిని, వానికడకు పోవు దారిని ఇచ్చుట మనచేతిలోనే యున్నది. రాబోవు సెలవులలో బుట్ట చేతబట్టి, పిల్లల వెంటబెట్టుకొని ఒక్క ఉదయమైనను బయలుదేఱుడు. కోసినంత కోయుడు, నాలుగు కంకులు చేనికి విడువుడు.